దసలి పట్టుపురుగు – వెలుతురు లెక్క



మీరు దసలి విత్తనపు కాయలను ఎక్కడ వ్రేలాడదీసినారు? ఇంటి మధ్యగదిలోనా, వసారాలోనా, లేక వేరే గదిలోనా? ఆ గదిలో రాత్రి దీపము వెలుగునా? వెలిగినచో ఎన్ని గంటల వరకు వెలుగును? ఈ ప్రశ్నలు చిన్నవిగా తోచవచ్చును. కాని జూను మాసములో మీ చేతికి ఎన్ని గుడ్లు వచ్చునో, వర్షాకాలపు పంట ఎంత మిగులునో, అది చాలవరకు ఈ ప్రశ్నల జవాబును బట్టియే ఉండును.

చెన్నూరు, కోటపల్లి, వేమనపల్లి, బెజ్జూరు, మహాదేవపూరు ప్రాంతములలో ప్రాణహిత, గోదావరి నదుల ఒడ్డున నల్లమద్ది అడవులను ఆశ్రయించి దసలి పురుగును పెంచు కుటుంబములు తరతరములుగా ఉన్నవి. 2016 అక్టోబరులో జిల్లాలను విభజించిన పిదప ఈ ఊళ్లు మంచిర్యాల, కుమురం భీం ఆసిఫాబాదు, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలలో చేరినవి. అంతకు పూర్వము ఇవి ఆదిలాబాదు, కరీంనగరు జిల్లాలలోనివే. జిల్లా పేరు మారినది గాని చెట్టు మారలేదు, పురుగు మారలేదు, పురుగు పాటించు సూర్యుని లెక్కయు మారలేదు. ఆ లెక్కను తెలిసికొని పంటకు ఉపయోగించుకొనుట ఎట్లో ఈ పాఠములో వివరింపబడినది.

వెలుతురు ఆహారము కాదు, కబురు

మొక్కకు వెలుతురు ఆహారము వంటిది. ఆకు వెలుతురును పట్టుకొని పిండి పదార్థమును తయారు చేసికొనును. పురుగు సంగతి వేరు. పురుగు వెలుతురును తినదు. ఆకును తినును. అట్లయినచో పురుగునకు వెలుతురుతో పని ఏమి?

వెలుతురు పురుగునకు కబురు తెచ్చును. పగలు ఎంతసేపు ఉన్నది, రాత్రి ఎంతసేపు ఉన్నది అను లెక్కను బట్టి, ముందు వచ్చునది వానకాలమా, చలికాలమా, ఎండకాలమా అని పురుగు శరీరము నిర్ణయించుకొనును. వాన ఒక ఏడు ముందు వచ్చును, ఒక ఏడు వెనుక వచ్చును. చలి ఒకనాడు ఎక్కువ, ఒకనాడు తక్కువ. కాని పగటి పొడవు మాత్రము ఏటేట అదే తేదీకి అంతే ఉండును. అందువలన కాలమును తెలిసికొనుటకు దానిని మించిన గుర్తు లేదు. మీరు కార్తెలను చూచి విత్తినట్లే, పురుగు పగటి పొడవును చూచి నడచుకొనును.

మన ప్రాంతములో పగటి పొడవు సుమారుగా ఈ విధముగ ఉండును:

జూను 21 : 13 గంటల 15 నిమిషములు
జూలై 15 : 13 గంటల 10 నిమిషములు
ఆగస్టు 15 : 12 గంటల 45 నిమిషములు
సెప్టెంబరు 23 : 12 గంటలకు కొంచెము పైన
అక్టోబరు 15 : 11 గంటల 45 నిమిషములు
నవంబరు 15 : 11 గంటల 15 నిమిషములు
డిసెంబరు 21 : 11 గంటలు

అన్నిటికంటె పెద్ద పగటికిని, అన్నిటికంటె చిన్న పగటికిని తేడా రెండుంబావు గంటలు మాత్రమే. మనము ఈ తేడాను అంతగా పట్టించుకొనము. పురుగు పట్టించుకొనును. ఏలయన దాని బ్రతుకు ఈ తేడా మీదనే ఆధారపడి యున్నది.

పురుగు ఎందుకు నిద్రపోవును?

దసలి పురుగు జీవితము మీకు తెలిసినదే. గుడ్డు ఎనిమిది మొదలు పది దినములలో పొదుగును. పిల్ల పురుగు ఆకు మేసి, నాలుగు సార్లు కుబుసము విడిచి, ఐదవ దశలో బాగుగా ఎదిగి కాయ కట్టును. కాయ లోపల అది ప్యూపాగా మారును. ప్యూపా నుండి రెక్కల పురుగు, అనగా సీతాకోక, వెలువడును. సీతాకోక మేత మేయదు. దానికి పనిచేయు నోరు లేదు. జత కట్టి గుడ్లు పెట్టి కొలది దినములలో చనిపోవును.

మన ప్రాంతపు దసలి పురుగు ఏడాదికి మూడు పంటలు ఇచ్చు జాతి. మొదటి పంట జూను చివర, జూలై మాసములలో చెట్టు మీదికి పోవును. రెండవ పంట ఆగస్టు చివర, సెప్టెంబరు మాసములలోను, మూడవ పంట నవంబరు ప్రాంతములోను మొదలగును. మొదటి పంటలో పురుగు నెల, నెలపై కొన్ని దినములలో కాయ కట్టును. మూడవ పంటలో చలి వలన పెరుగుదల మందగించి అంతకంటె చాల ఎక్కువ కాలము పట్టును.

మొదటి పంట కాయలలోని ప్యూపాలు నిద్రపోవు. మూడు నాలుగు వారములలో సీతాకోకలు బయటికి వచ్చి రెండవ పంటకు గుడ్లు ఇచ్చును. మూడవ పంట కాయలు అట్లు కాదు. వాటిలోని ప్యూపాలు జనవరి మొదలు జూను వరకు, సుమారు ఐదు మాసములు, కదలక మెదలక పడియుండును. శాస్త్రజ్ఞులు దీనిని సుప్తావస్థ అందురు. మనము నిద్ర అందము.

ఈ నిద్ర బద్ధకము కాదు, బ్రతుకు తెలివి. మార్చి, ఏప్రిలు మాసములలో మద్దిచెట్టు ఆకు రాల్చును. మే మాసములో మన వైపు ఎండ 43, 44 డిగ్రీల సెంటీగ్రేడును కూడ దాటును. ఆ దినములలో సీతాకోక బయటికి వచ్చినచో గుడ్లు ఎండిపోవును. ఒకవేళ పొదిగినను పిల్ల పురుగునకు తగిన లేత ఆకు దొరకదు. కావున వాన పడి, మద్ది నిండుగా చిగిర్చు వరకు ప్యూపా కాయలోనే దాగి యుండును.

నిద్రపోవు నిర్ణయము ప్యూపా దశలో హఠాత్తుగా జరుగునది కాదు. పురుగు చెట్టు మీద ఆకు మేయుచున్నప్పుడే జరుగును. అది పెరుగు దినములలో పగలు పొడుగుగా ఉన్నచో, ఇంకను మంచికాలము మిగిలియున్నదని ఎంచి నిద్ర లేకుండ సాగిపోవును. పగళ్లు కురుచగా ఉన్నచో నిద్రకు సిద్ధపడి కాయ కట్టును. వేడి, చలి కూడ ఈ నిర్ణయములో పాలు పంచుకొనును. కాని పెద్ద గుర్తు మాత్రము పగటి పొడవే.

కాయ లోపలికి వెలుతురు ఎట్లు పోవును?

"దసలి కాయ రాయి వలె గట్టిగా ఉండును. లోపలి పురుగునకు కండ్లు కూడ సరిగా ఉండవు. దానికి వెలుతురు ఎట్లు తెలియును?" అని మీరు అడుగవచ్చును. మంచి ప్రశ్న. ఈ ప్రశ్నకు జవాబు 1964లో దొరికినది.

చీనా దేశములో ఓకు చెట్టు మీద పెంచు దసలి పురుగు ఒకటి కలదు. అది మన దసలి పురుగునకు దగ్గరి చుట్టము. అమెరికాలో కారల్ విలియమ్స్, పెర్రీ ఆడ్కిసన్ అను ఇద్దరు శాస్త్రజ్ఞులు ఆ పురుగు ప్యూపాలపై ప్రయోగములు చేసిరి. కొన్నిటిని పొడుగు పగటిలోను, కొన్నిటిని కురుచ పగటిలోను ఉంచిరి. పొడుగు పగలు చూచిన ప్యూపాలు మేలుకొనినవి. కురుచ పగలు చూచినవి నిద్రలోనే ఉండినవి. వెలుతురును పట్టుకొనునది కన్ను కాదు, మెదడే అని వారు కనుగొనిరి. ఆ ప్యూపా తలమీద మెదడునకు సూటిగా ఒక పలుచని, వెలుతురు దూరు మచ్చ ఉన్నది. అది కిటికీ వంటిది.

వారు ఇంకను ఒక విచిత్రము చేసిరి. ప్యూపా తలలోని మెదడును తీసి తోక వైపున అమర్చిరి. అప్పుడు పురుగు వెలుతురును తోక వైపు నుండి గుర్తించుట మొదలిడినది. మెదడు ఎక్కడ ఉన్నదో వెలుతురు లెక్కయు అక్కడనే ఉన్నదని దీనివలన తేటతెల్లమైనది. వెలుతురులోని రంగులలో నీలి రంగు దీనికి బాగుగా పనిచేయుననియు, ఎరుపు రంగు పనిచేయదనియు తరువాతి ప్రయోగములలో తేలినది. ఈ ఎరుపు సంగతిని గుర్తుంచుకొనుడు. క్రింద మీకు ఉపయోగపడును.

మన దసలి పురుగు విషయములో రాంచీలోని కేంద్ర దసలి పరిశోధన కేంద్రపు శాస్త్రజ్ఞులు జాలీ, సిన్హా, రజ్దాన్ గారలు ప్యూపా నిద్ర తీరుటకును, ఉష్ణోగ్రత, పగటి పొడవులకును గల సంబంధమును పరిశీలించి తమ ఫలితములను 1971లో ప్రకటించిరి. అనగా విత్తనపు కాయలు ఉంచిన గదిలో వేడిని మాత్రమే చూచుకొనిన చాలదు. వెలుతురును కూడ చూచుకొనవలెను.

ఇంటి దీపము చేయు కీడు

పూర్వము మన పల్లెలలో పొద్దు గూకిన తరువాత ఒక చమురు దీపము ఉండెడిది. అదియు తొందరగా ఆరిపోయెడిది. ఇప్పుడు ప్రతి ఇంట విద్యుద్దీపము వెలుగుచున్నది. పిల్లలు రాత్రి పది గంటల వరకు చదువుకొందురు. ఇంటి ఇల్లాలు తెల్లవారుజామున ఐదు గంటలకే దీపము వేసి పనికి పూనుకొనును. ఇది మంచిదే. పిల్లల చదువు మానవలసిన పని లేదు.

కాని ఆ గదిలోనే దూలమునకు విత్తనపు కాయల మాలలు వ్రేలాడుచున్నచో ఏమగునో లెక్క వేసి చూడుడు. ఫిబ్రవరి మాసములో బయట పగలు పదకొండున్నర గంటలు. ఆ గదిలో మాత్రము ఉదయము 5 గంటల నుండి రాత్రి 10 గంటల వరకు, అనగా 17 గంటలు వెలుగే. జూను 21వ తేదీ పగలు కూడ 13 గంటల 15 నిమిషములకు మించదు. శివరాత్రి చలి విడువక ముందే ఆ గదిలో మృగశిర దాటిన పగలు నడచుచున్నదన్న మాట. కాయ పోగుల నడుమ నుండి కొంత వెలుగు లోపలికి దూరును. మెదడు దానిని పగలని ఎంచును. పైగా ఎండకాలపు వేడి తోడగును. కొన్ని పురుగులు తొందరపడి మేలుకొనును.

ఇట్లు అకాలమున ఒకటొకటిగా వెలువడు సీతాకోకల వలన కలుగు నష్టము కంటికి వెంటనే కనబడదు. మచ్చుకు ఒక లెక్క చూడుడు. మీరు 100 విత్తనపు కాయలు ఉంచినారనుకొనుడు. అందులో సగము మగ, సగము ఆడ. అన్నియు ఒకే వారములో వెలువడినచో 50 జతలు కట్టును. ఏప్రిలు, మే మాసములలో 20 సీతాకోకలు వచ్చి వృథాగా చనిపోయినచో, జూనులో మిగులునవి 80. అందు సగము సగము ఉన్నచో 40 జతలు. కాని ముందు వెలువడునవి ఎక్కువగా మగవి యగుట కలదు. ఆ 20 మగవే అయినచో జూనులో మగవి 30, ఆడవి 50 మిగులును. మంచి జతలు 30 మాత్రమే. మిగిలిన 20 ఆడ పురుగులు పెట్టు గుడ్లు పొదగవు. 20 కాయలు పోయినవని మీరు అనుకొందురు. నిజమునకు 20 జతలు, అనగా 40 కాయల ఫలము పోయినది.

ఒక తల్లి సుమారు 200 గుడ్లు పెట్టును. 20 తల్లుల గుడ్లు పోయినచో 4,000 గుడ్లు పోయినట్లే. అన్ని గుడ్లును కాయలు కాకపోయినను, వానలో అడవిలో గుడిసె వేసికొని, పిట్టలను, చీమలను తోలుచు పురుగును కాచు మీ కష్టము అంతే ఉండును, పంట మాత్రము తగ్గును. చెట్టు ఉన్నది, ఆకు ఉన్నది, చేయి ఉన్నది, విత్తనము చాలలేదు. ఈ లోటు పూడ్చుటకు అప్పు చేసి బయటి గుడ్లు కొనవలసి వచ్చును. ఆ గుడ్లు రోగరహితమైనవో కావో అను భయము ఒకటి. ఇదంతయు ఒక దీపమును ప్రక్క గదికి మార్చినచో చాలవరకు తప్పిపోవును.

విత్తనపు గదిలో పాటింపవలసిన పద్ధతులు

1. విత్తనపు కాయలకు వేరే గది గాని, ఇంటిలోనే తడికతో మరుగు చేసిన భాగము గాని ఉండవలెను. తాటాకు, గడ్డి లేక పెంకు కప్పు మంచిది. రేకుల కప్పు ఎండకాలములో కాగి కాయలకు హాని చేయును. రేకులే ఉన్నచో వాటిపై గడ్డి పరచవలెను.

2. ఆ గదిలో రాత్రి దీపము వేయరాదు. వీధి దీపపు వెలుగు కిటికీ గుండా పడుచున్నచో గోనెపట్టా కట్టి మరుగు చేయవలెను. ప్రక్క గది వెలుగు తలుపు సందులలో నుండి పడకుండ చూచుకొనవలెను. చదువుకొనుటకు చాలిన వెలుగు పురుగు లెక్కను తప్పించుటకును చాలునని ఎంచి జాగ్రత్త పడుట మేలు.

3. గదిని రాత్రింబవళ్లు చీకటి కొట్టుగా చేయుట కూడ మంచిది కాదు. గాలి ఆడదు, వేడి పోదు. పగటి పూట కిటికీల నుండి చల్లని, సమమైన వెలుతురు రానిండు. పురుగునకు పగలు పగలుగాను, రాత్రి రాత్రిగాను తెలియవలెను. అంతియే కావలసినది.

4. వెలుతురు వేరు, ఎండ వేరు. సూటిగా ఎండ పడిన కాయలోని ప్యూపా వేడికి చచ్చును. పడమటి కిటికీకి తడిపిన గోనెపట్టా గాని, వట్టివేళ్ల తడక గాని కట్టుడు. నేల మీద ఇసుక పోసి నీరు చల్లిన చల్లగా ఉండును. కాయలను మాత్రము తడుపరాదు.

5. కాయలను తొడిమలతో కట్టి మాలలుగా చేసి, గాలి తగులునట్లు ఎడముగా వ్రేలాడదీయవలెను. గుట్టగా పోసినచో అడుగున ఉన్నవి ఊపిరాడక, వేడెక్కి చెడును. ఎలుకలు, చీమలు, బల్లులు చేరకుండ చూడవలెను.

6. రాత్రి గదిలోనికి పోవలసి వచ్చినచో టార్చి లైటు అద్దమునకు ఎర్రని పారదర్శక కాగితము కట్టి వాడుడు. ఎర్రని వెలుగు పురుగు లెక్కను తప్పింపదు. సెల్ ఫోను లైటు తెల్లనిది. దానిని వాడకుండుట మంచిది.

జత కట్టు వేళ, పొదుగు వేళ

మృగశిర ప్రవేశించి వానలు పడిన పిదప సీతాకోకలు వెలువడుట మొదలగును. అవి పొద్దు గూకిన తరువాతి వేళలలోనే ఎక్కువగా వెలువడును. కాయ నుండి బయటపడినప్పుడు రెక్కలు ముడుచుకొని తడిగా ఉండును. కదలక వ్రేలాడుటకు అనువు దొరికిననే అవి చక్కగా విచ్చుకొనును. రాత్రి చీకటిలో జత కట్టును. ఈ సమయములో గదిలో పెద్ద దీపము పెట్టినచో మగ పురుగులు ఆడవాటిని విడిచి దీపము చుట్టు తిరిగి రెక్కలు చింపుకొనును. కావున ఈ పనికిని ఎర్రని వెలుగే వాడుడు. కట్టిన జతలను మరునాటి పగలు కూడ నీడలోనే, అలజడి లేకుండ ఉంచవలెను.

గుడ్లు పెట్టిన పిదప తల్లి పురుగును సూక్ష్మదర్శినితో పరీక్షించి, పెబ్రిన్ రోగము లేదని తేలిన గుడ్లనే ఉంచవలెనని మీకు వేరే చెప్పనక్కరలేదు.

గుడ్లు చాలవరకు తెల్లవారు వేళ పొదుగును. పుట్టిన పిల్ల పురుగు వెలుగు వైపునకు, పైకి ప్రాకును. ఇది దాని స్వభావము. ఏలయన లేత ఆకు కొమ్మ చివర, వెలుతురున్న చోటనే ఉండును. ఈ స్వభావమును మీరు వాడుకొనవచ్చును. గుడ్లను ఉంచిన దొన్నెలను లేత ఆకు గల కొమ్మ మొదట కట్టినచో పిల్లలు తమంతట తామే ఆకు చేరుకొనును. ఈ పని ఎండ ఎక్కక ముందే ముగియవలెను. ఎండలో గుడ్లను, పిల్లలను మోసికొని పోరాదు.

చెట్టునకు కావలసిన వెలుతురు

పురుగునకు వెలుతురు కబురు అని చెప్పితిమి. చెట్టునకు మాత్రము అది ఆహారమే. నీడలో మగ్గిన మద్దికి మంచి ఆకు రాదు. తోటగా నాటిన తెల్లమద్దిని సకాలములో కొట్టి, కొమ్మలు గుబురుగా ఒకదానిపై ఒకటి పడకుండ చేసినచో అన్ని కొమ్మలకు వెలుగు తగిలి మేలైన ఆకు వచ్చును. మంచి ఆకు మేసిన పురుగే గట్టి కాయ కట్టును. ఐదవ దశ పురుగులను మాత్రము మిట్టమధ్యాహ్నపు ఎండకు ఆకు లేని కొమ్మలపై వదలరాదు. ఆకు అయిపోయిన చెట్టు నుండి ఉదయమో సాయంత్రమో మార్చవలెను.

రెండవ పంటను ఆలస్యము చేయరాదు

పగటి పొడవు లెక్క తెలిసిన రైతు రెండవ పంట విషయములో ముఖ్యముగ జాగ్రత్త పడును. పై పట్టికను మరల చూడుడు. సెప్టెంబరు 23 తరువాత పగలు 12 గంటలకు దిగును. అక్టోబరు నడుమకు పావు గంట ఇంకను తగ్గును. రెండవ పంట పురుగును ఆలస్యముగా చెట్టుకు ఎక్కించినచో అది పెద్దదగు దినములు బతుకమ్మ, దసరా దాటి కురుచ పగళ్లలో పడును. అప్పుడు కాయలలో కొన్ని నిద్రపోవును, కొన్ని మెలకువగా ఉండును. మూడవ పంటకు గుడ్లు కావలెనని మీరు చూచుచుందురు. సీతాకోకలు సగమే వచ్చును. మిగిలినవి పట్టునకు పోవలెనో, విత్తనమునకు ఉంచవలెనో తెలియక తికమక కలుగును. మొదటి పంటను వానలు పడిన వెంటనే మొదలిడిననే రెండవ పంట సకాలములో సాగును. ఒక పంట ఆలస్యము తరువాతి పంటను గూడ చెరుచును.

కోళ్లకు, చేపలకు మేతగా

కాయల నుండి పట్టు తీసిన పిదప మిగులు ప్యూపాను పారవేయకుడు. దానిలో మాంసకృత్తులు, క్రొవ్వు మెండుగా ఉండును. మన వైపు కొందరు దానిని వండుకొని తినుట కూడ కలదు. పెరటి కోళ్లకును, చెరువు చేపలకును అది మంచి మేత. క్రొవ్వు ఎక్కువగుటచే తడిగా ఉంచిన త్వరలో కుళ్లి కంపు కొట్టును. కావున వెంటనే పలుచగా పరచి బాగుగా ఎండబెట్టి, దంచి, దాణాలో కొద్ది భాగముగా మాత్రమే కలుపవలెను. రోగముతో చచ్చి నల్లబడిన పురుగులను మేతగా వేయరాదు.

ఇటీవల కోళ్ల మేత కొరకే పురుగులను పెంచు పద్ధతి వ్యాపించుచున్నది. బ్లాక్ సోల్జర్ ఫ్లై అను నల్లని ఈగ పురుగును వంటింటి వ్యర్థముల మీద పెంచి కోళ్లకు, చేపలకు వేయుదురు. ఇక్కడ కూడ వెలుతురు లెక్కయే పని చేయును గాని లెక్క తీరు వేరు. దీని పిల్ల పురుగు వెలుగును చూచిన లోపలికి దూరును. కావున మేత తొట్టిని నీడలో ఉంచవలెను. అయినను రాత్రింబవళ్లు పూర్తి చీకటిలో పెంచిన పురుగులు, దినమునకు 8 లేక 12 గంటల వెలుతురులో పెంచినవాటికంటె పెరుగుటకు ఎక్కువ కాలము తీసికొన్నట్లు 2017లో ప్రకటించిన ప్రయోగములో తేలినది. రెక్కల ఈగకు మాత్రము ఎండ వెలుగు కావలెను. వెలుగు చాలని గదిలో అది సరిగా జత కట్టదు. దసలి సీతాకోకకు చీకటి కావలెను, ఈ ఈగకు సూర్యకాంతి కావలెను. పురుగు మారిన లెక్క మారును, ఒకే పురుగులో దశ మారినను లెక్క మారును. కావున ఒక పురుగును పెంచిన అనుభవమును మరియొకదానికి అట్లే అన్వయింపరాదు.

మీరే పరీక్షించి చూడుడు

చెప్పిన మాటను నమ్ముటకంటె కంటితో చూచుట మేలు. వచ్చే జనవరిలో ఒకే పంట కాయలలో నుండి ఒకే తీరు కాయలు 50 చొప్పున రెండు మాలలు కట్టుడు. ఒకదానిని మీరు దీపము వేసికొను గదిలోను, రెండవదానిని దీపము లేని గదిలోను వ్రేలాడదీయుడు. రెండు గదులును ఇంచుమించు ఒకే చల్లదనము గలవై యుండవలెను. లేనిచో ఫలము వేడి వలన వచ్చినదో, వెలుగు వలన వచ్చినదో తెలియదు. గోడకు ఒక కాగితము అంటించి, ప్రతి ఉదయము ఏ మాలలో ఎన్ని సీతాకోకలు వచ్చినవి, అందు మగవి ఎన్ని, ఆడవి ఎన్ని అని తేదీతో వ్రాయుడు. మీ ఇంట చదువుకొను పిల్లవానికి ఈ పని అప్పగించిన మరియు మంచిది. జూలై నాటికి ఆ కాగితమే మీకు గురువగును. రెండు మాలలకు తేడా కనబడినను, కనబడకపోయినను, ఆ కాగితమును మీ ప్రాంతపు పట్టు పరిశ్రమ శాఖ ఉద్యోగికి చూపుడు. పొరుగు రైతులకు చూపుడు.

విత్తనపు కాయలు ఏడాదిలో సగము కాలము నోరు లేక మీ దూలమునకు వ్రేలాడుచుండును. అవి నీరు అడుగవు, మేత అడుగవు. అవి కోరునది ఒక్కటే: బయట రాత్రి అయినప్పుడు తమకును రాత్రి కావలెనని. దీపమును ప్రక్క గదికి మార్చుటకు ఖర్చు లేదు. ఈ రాత్రియే మార్చుడు.